ఆరో తాళం

గేటుకు తాళం వేశాక ఆయన దాన్ని మూడుసార్లు లాగుతాడు. పది అడుగులు నడుస్తాడు. ఆగుతాడు. వెనక్కి వచ్చి ఇంకొక్కసారి లాగుతాడు. అప్పుడు గానీ బండి ఎక్కడు.

గేటు దగ్గర మాత్రమే అయితే ఉద్యోగం కదా అని సరిపెట్టుకోవచ్చు. ఇంట్లో వంటింటి కిటికీ గడియ, స్నానాల గది కుళాయి, ఫ్రిజ్ తలుపు, వీటన్నిటికీ ఇదే మర్యాద. మూడుసార్లు, పది అడుగులు, మళ్లీ ఒకసారి. ఇల్లు చిన్నది. ఫ్రిజ్ దగ్గర మొదలుపెట్టి పది అడుగులు వేస్తే వీధిలో తేలతాడు. పెళ్లయిన కొత్తలో భార్య ఆయన ఏదో మరిచిపోయి వెనక్కి వస్తున్నాడనుకుని, కళ్లజోడూ పర్సూ పట్టుకుని ఎదురొచ్చేది. రెండో నెలకు అర్థమైంది. అప్పటి నుంచి గుమ్మంలో నిలబడి, "ఉందండీ, ఎక్కడికీ పోలేదు" అంటుంది.

ముప్పయ్యేళ్లుగా అంటోంది. ఆయన ఒక్కసారీ ఆ మాట నమ్మి ఆగిపోలేదు.

అందరూ ఆయన్ని గేటు బాబాయి అంటారు. విద్యుత్తు శాఖలో లైను చూసే మనిషి. ఊరి చివరి సబ్‌స్టేషన్ నుంచి కొండల అవతలి దాకా పెద్ద టవర్ల మీద తీగలు వెళ్తాయి. ఆ తీగల కింద ఇటు ముప్పయి అడుగులు, అటు ముప్పయి అడుగులు ఎత్తయిన చెట్టు ఉండకూడదు, ఇల్లు లేవకూడదు. నేల మాత్రం ఎవరిది వాళ్లదే. శాఖకు ఉన్నది దారి హక్కు ఒక్కటే. వెళ్లొచ్చు, చూడొచ్చు, కొమ్మలు కొట్టొచ్చు, తిరిగి రావొచ్చు. కొండ మీద పాపిట తీసినట్టుండే ఆ ఖాళీ జాగాను జనం తీగల దారి అంటారు. అందులో నలభై ఒకటో టవరు నుంచి డెబ్భై ఎనిమిదో టవరు వరకు గేటు బాబాయిది. కాగితం మీద కాదు. మనసులో.

మెడలో దూరదర్శిని, జేబులో నోట్‌బుక్కు. ప్రతి టవరు దగ్గరా ఆగి, తల వెనక్కి వాల్చి, పింగాణీ బిళ్లల వరసలు లెక్కపెడతాడు. పగిలిందేమైనా ఉందా, పక్షి గూడు పెట్టిందా, కింద కాంక్రీటు పాదం చుట్టూ మట్టి జారిందా అని చూస్తాడు. నోట్‌బుక్కులో టవరు నంబరు వేసి, ఎదురుగా "ఏమీ లేదు" అని రాస్తాడు. ఇరవయ్యేడేళ్లలో అలాంటి నోట్‌బుక్కులు ఒక అటకంతా నిండాయి. ఏమీ లేదని చెప్పడానికి ఇన్ని పుస్తకాలు రాసిన మనిషి లోకంలో ఇంకొకడు ఉండడని భార్య వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది.

ఆ దారికి ఒక గేటు ఉంది. గేటుకు ఒక గొలుసు. ఆ గొలుసు సంగతి కొంచెం చెప్పాలి.

లోపలికి వెళ్లాల్సినవాళ్లు అయిదుగురు. విద్యుత్తు శాఖ ఒకటి. నీళ్ల శాఖ వాల్వు మనిషి, అడవి గార్డు, సెల్ టవరు మెకానిక్కు, తీగల కింద పొట్టి మొక్కలు పెంచుకునే నర్సరీ అక్క మిగతా నలుగురు. ఒకరి తాళంచెవి ఇంకొకరి చేతికి ఇవ్వడం కుదరదు. అందుకని గొలుసు ఒక కొసకు మొదటి తాళం వేస్తారు. ఆ తాళం కమ్మీలోంచి రెండో తాళం, రెండోదాంట్లోంచి మూడోది, అలా అయిదోదాన్ని గొలుసు రెండో కొసకు తగిలిస్తారు. పిల్లలు వరసగా చేతులు పట్టుకుని నిలబడ్డట్టు. ఎవరి తాళం వాళ్లు తీసుకుంటే చాలు, వరస తెగి గేటు తెరుచుకుంటుంది. వెళ్లేటప్పుడు మళ్లీ పక్కవాళ్ల చెయ్యి అందుకోవాలి. అంతే.

ఇందులో చేయగల తప్పు ఒక్కటే. పక్కవాళ్ల తాళంలో వేయాల్సింది పోయి, తన తాళాన్ని గొలుసు రెండు కొసలకూ కలిపి వేసేయడం. అప్పుడు మిగతా నలుగురి తాళాలూ చక్కగా తెరుచుకుంటాయి. గేటు మాత్రం తెరుచుకోదు.

ఈ తప్పు ఎవరూ చేయకుండా చూడటం గేటు బాబాయి తన జీవిత ధ్యేయంగా పెట్టుకున్నాడు. కొత్తగా ఎవరు వచ్చినా గేటు ముందు నిలబెట్టి, నలుగురి చేతా చేతులు పట్టించి, బడిపిల్లలకు చెప్పినట్టు చెబుతాడు. అడవి గార్డు యాభై దాటిన మీసాల మనిషి. ఆయన కూడా ఒక చేత్తో నర్సరీ అక్క చేతినీ, ఇంకో చేత్తో మెకానిక్కు చేతినీ పట్టుకుని, తల వంచుకుని, పావుగంట నిలబడ్డాడు.

ఆ దారిలో ఆయనకు పడనివి సరదాకు మట్టిలో తోలే బళ్లు. దానికి కారణం లేకపోలేదు. మూడేళ్ల కిందట ఎవరో మోటారు సైకిళ్ల మీద వచ్చి, గేటు జోలికి పోకుండా పక్కన కంచె కోసి లోపలికి వెళ్లారు. నేల తడిగా ఉన్న రోజులు. పైకీ కిందికీ పందేలు వేసుకున్నారు. చక్రాల గాళ్లు వాన నీటికి కాలవలయ్యాయి. యాభై ఆరో టవరు దగ్గర ఒక పాదం కింద మట్టి కొట్టుకుపోయి, చిగుళ్లు జారిన పన్నులా కాంక్రీటు బయటపడింది. గేటు బాబాయి నెల రోజులు వాగులోంచి రాళ్లు మోసి ఆ గుంట నింపాడు. ఆ నెల నోట్‌బుక్కులో మాత్రం "ఏమీ లేదు" లేదు. పేజీలకు పేజీలు తిట్లున్నాయి. అవీ శాఖ భాషలోనే.

ఆ రాళ్ల పని ముగిసిన ఏడాదికి కూతురు ఇంటికి జీపు తెచ్చింది.

కూతురు డ్రైవింగు బడిలో నేర్పుతుంది. జీపు ఆమెకంటే రెండేళ్లు పెద్దది. ముక్కలు ముక్కలుగా కొని, బిగించి, రంగు వేసింది. ఆదివారం పొద్దున్నే వెళ్లి, సాయంత్రం కళ్లు తప్ప ఏమీ కనిపించనంత మట్టితో వచ్చేది. తండ్రి ఏమీ అనేవాడు కాదు. జీపు చక్రాలను చూసేవాడు. మట్టి ఏ రంగో చూసేవాడు. తీగల దారిది ఎర్రమన్ను. ఆ చక్రాలకు ఎప్పుడూ నల్లమట్టే ఉండేది.

ఎందుకంటే గేటు దాటడానికి అనుమతి లేదు. ఆమె దాటలేదు.

చివరికి ఆమె ఉన్న జీపుల సంఘం అర్జీ పెట్టింది. పదకొండు జీపులు. వానలు లేని నెలల్లో, నెలకు రెండు ఆదివారాలు. నడక వేగం. గోతులు పడితే వాళ్లే పూడ్చి పోతారు. గేటుకు వాళ్ల తాళం ఒకటి, ఆరోది, వేసుకోనివ్వాలి. కింద కార్యదర్శి సంతకం. కార్యదర్శి కూతురే. నేల సొంతదారులు తమకు అభ్యంతరం లేదన్నారు. అర్జీ శాఖకు వచ్చింది. ఇంజనీరమ్మ దాన్ని చదివి, గేటు బాబాయిని పిలిచి, శుక్రవారం పది గంటలకల్లా మీ రిపోర్టు కావాలన్నది. అర్జీదారు తన కూతురని ఆయన చెప్పాడు. తెలుసన్నది. మీ అంత గట్టివాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టే మిమ్మల్ని అడుగుతున్నాను, మీరు సరేనంటే ఇక ఎవరూ నోరెత్తరు, వద్దంటే ఇక ఆ ఫైలు తెరవను అన్నది.

ఆయనకు ఇంకా ఏడు నెలల సర్వీసుంది. సర్వీసు పుస్తకంలో రిమార్కుల పేజీ ఒకటుంటుంది. ఆయనది తెల్లగా ఉంది. ఆ తెలుపును ఆయన అప్పుడప్పుడు ఆఫీసులో అడిగి చూసుకుని వస్తాడు.

సరేనంటే కూతురి కోసం అన్నాడంటారు. ఇంటికి వచ్చి, ఫైలు తన చేతిలో ఉన్నంతకాలం దాని గురించి ఇంట్లో మాట్లాడకూడదని ప్రకటించాడు. వారం రోజులు తండ్రీ కూతుళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఎదురెదురు గోడలు చూస్తూ తిన్నారు. మధ్యలో తల్లి. ఆమెకు ఇంత సంబరం ఎన్నడూ లేదు.

"శాఖ వారికి ఇంకో గరిటె వేయమంటారా?" అని భర్తను అడిగేది. కూతురి వైపు తిరిగి, "సంఘం వారు ఆ గిన్నె ఇటు జరిపితే శాఖ వారికి అందుతుంది" అనేది.

గురువారం పొద్దున ఆయనే దిగివచ్చాడు. రిపోర్టు రాయాలంటే బండి నడక చూడాలి కదా అన్నాడు, గోడతో. కూతురు డ్రైవింగు బడికి ఒక పూట సెలవు చెప్పింది.

జీపు ఎక్కగానే ఆమె, "బెల్టు" అన్నది. రోజూ కొత్తవాళ్లతో అనీ అనీ అలవాటైన మాట. ఆయన పెట్టుకున్నాడు. మూడుసార్లు లాగి చూశాడు. పది అడుగులు నడవడానికి వీల్లేక ఇబ్బంది పడ్డాడు.

గేటు ఆయనే తీశాడు. దారి పొడుగునా తప్పు కోసం చూశాడు. చెవులు ఇంజను మీద, కళ్లు చక్రాల మీద. కూతురు చిన్న గేరులో, పక్కన మనిషి నడిస్తే దాటిపోయేంత నెమ్మదిగా తోలింది. బండి కదులుతుండగానే ఆయన నోట్‌బుక్కులో టవరు నంబర్లు వేసుకోగలిగాడు. అక్షరాలు వంకర పోలేదు. అది ఆయనకు నచ్చలేదు. వాగు దగ్గర ఆమె బండి ఆపి, కర్ర తీసుకుని ముందు తను నీళ్లలోకి దిగి, అటు గట్టు దాకా పొడిచి చూసి వచ్చింది. అదీ నచ్చలేదు. యాభై ఆరో టవరు కనిపించగానే, ఇంకా చాలా దూరం ఉండగానే ఇంజను ఆపేసింది. ఇక్కడి నుంచి నడుద్దామన్నది. ఎందుకని అడిగాడు.

"నీ రాళ్లున్నాయిగా నాన్నా" అన్నది.

ఆయన దూరదర్శిని కళ్లకు పెట్టుకుని చాలాసేపు పైకి చూశాడు. పైన చూడాల్సింది ఏమీ లేదు.

మధ్యాహ్నానికి మళ్లీ గేటు బయటికి వచ్చారు. నోట్‌బుక్కులో ముప్పయ్యెనిమిది "ఏమీ లేదు"లు. ఒక్క తప్పు దొరకలేదు. తప్పు దొరికి ఉంటే ఆయన అంత ఇబ్బంది పడేవాడు కాదు. గొలుసు చేతిలో పట్టుకుని, ఆమె వైపు చూడకుండా, వద్దనే రాస్తానని చెప్పాడు.

"ఎందుకు?"

"సరేనని రాస్తే కూతురి కోసం రాశాడంటారు."

ఆమె జీపులోంచి దిగలేదు. స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, మెల్లగా అన్నది: "వద్దను నాన్నా, తప్పులేదు. కానీ దారిలో ఏదైనా చూసి వద్దను. నన్ను చూసి వద్దనకు."

ఆయన చెవులు వేడెక్కాయి. గొలుసు రెండు కొసలూ దగ్గరికి లాగాడు, తన తాళం తగిలించాడు, నొక్కాడు.

సరిగ్గా ఇక్కడే ఒక సంగతి జరిగింది. ఆయన గమనించలేదు గానీ మనం చెప్పుకోవచ్చు. ఇరవయ్యేడేళ్లలో ఎన్నడూ లేనిది, ఆయన తన తాళాన్ని పక్క తాళంలో వేయలేదు. గొలుసు రెండు కొసలకూ కలిపి వేసేశాడు. మిగతా నాలుగు తాళాలూ ఒకదాన్నొకటి పట్టుకుని ఒక పక్కన వేలాడుతూ ఉండిపోయాయి, బస్సు తప్పిపోయిన కుటుంబంలా.

ఆయన తాళాన్ని మూడుసార్లు లాగాడు. పది అడుగులు నడిచాడు. వెనక్కి వచ్చి ఇంకోసారి లాగాడు. గట్టిగానే ఉంది. లాగితే తాళం పడిందో లేదో తెలుస్తుంది. ఎక్కడ పడిందో తెలియదు.

కూతురు ఆయన్ని ఆఫీసు దగ్గర దించి తన బడికి వెళ్లిపోయింది. గంటన్నరకు ఫోను మోగింది. నర్సరీ అక్క. ఆమెకు అరవై దాటాయి. వాళ్లిద్దరిదీ నెత్తురు చుట్టరికం కాదు, గేటు చుట్టరికం. అయినా అక్కా తమ్ముళ్లలాగే పోట్లాడుకుంటారు.

"ఏం తమ్ముడూ, నన్ను లోపలేసి తాళం పెట్టావేంటి?" అన్నదామె.

వాన్‌లో గులాబీ మొక్కలున్నాయి, ఎండకు వాడిపోతున్నాయి, కొన్నవాళ్లు రెండుసార్లు ఫోను చేశారు, తన తాళం తెరుచుకుంది గానీ గేటు తెరుచుకోవడం లేదు అని చెప్పింది. గేటుకు అటు పక్క నీళ్ల శాఖ వాల్వు మనిషి నిలబడి ఉన్నాడనీ, ఆయనకూ అదే తంతు అనీ, సగం ఊరికి సాయంత్రం నీళ్లు ఆలస్యమవుతాయంటున్నాడనీ చెప్పింది.

గేటు బాబాయికి రోగం ఏమిటో వెంటనే తెలిసిపోయింది. ఎవరో తాళాన్ని కొసలకు కలిపి వేశారు. ఎవరు? చివరగా వేసింది తను. తను మూడుసార్లు లాగాడు, మళ్లీ ఒకసారి లాగాడు. కాబట్టి తన తర్వాత ఎవరో వచ్చారు. తాళాలు తారుమారు చేశారు. కోపంతో పాటు, ఆయన ఒప్పుకోడు గానీ, గుండెల్లో ఒక చల్లదనం కూడా కలిగింది. పొద్దుటి నుంచి వెతుకుతున్న తప్పు నడిచి వచ్చి ఒళ్లో కూర్చుంది.

మోటారు సైకిలు మీద వెళ్లాడు. గేటు దగ్గర దిగుతూనే కళ్లు నేల మీద పెట్టాడు. చక్రాల గుర్తులు. తాజావి. జీపువి. వంగి జానతో కొలిచాడు. అవి పొద్దున తను కూర్చుని వచ్చిన జీపువే అయి ఉండొచ్చని ఆయనకు తట్టలేదు. సంఘంలో ఇంకా పది జీపులున్నాయని మాత్రం తట్టింది. కళ్లు నేల మీదే ఉంచి, చేత్తో తడిమి, తన తాళం తీశాడు. గేటు తెరుచుకుంది.

"నీ తాళంచెవికి భలే తెరుచుకుందే" అన్నది నర్సరీ అక్క, వాన్ పక్కన నిలబడి.

"శాఖ తాళం కదా అక్కా. గట్టిది" అన్నాడాయన.

ఆమె పెదవులు బిగబట్టింది. వాల్వు మనిషి ఆకాశం చూశాడు. నువ్వే వేశావేమో తమ్ముడూ అని ఆమె ఒకమాట అన్నది కూడా. ఆయన ఆ మాటకు నొచ్చుకున్నాడు. తను మూడుసార్లు లాగానన్నాడు. మొక్కలకు ఆలస్యమవుతోంది, ఆమె ఇంక పొడిగించలేదు. వాళ్లు వెళ్లాక ఆయన గొలుసు దగ్గరికి తీసి, తన తాళాన్ని ఈసారి పక్క తాళంలోనే, చెయ్యి అలవాటు కొద్దీ, సరిగ్గా వేశాడు. ఆ రకంగా సాక్ష్యం కూడా తన చేత్తోనే చెరిపేశాడు.

ఆఫీసుకు వచ్చి రిపోర్టు రాశాడు. అంత ఒరవడిగా ఆయన ఎన్నడూ రాయలేదు. గేటు వద్ద తాళముల క్రమము తారుమారు చేయబడినది. పరిసరములందు జీపు చక్రముల గుర్తులు కనుగొనబడినవి. ఇట్టి పరిస్థితులలో అనుమతి ఇచ్చుట శ్రేయస్కరము కాదు. ఇంజనీరమ్మ మీటింగులో ఉంది. కవరు అంటించి సంచిలో పెట్టుకున్నాడు. సంచి జిప్పు మూడుసార్లు లాగాడు.

అయితే లోపల గేటు పట్టుకుని నిలబడ్డ ఆ గంటలో నర్సరీ అక్క ఊరికే ఉండలేదు. ఫోను తీసి ఒక ఫొటో తీసింది. దాన్ని మరదలికి పంపింది. మరదలంటే గేటు బాబాయి భార్యే. మరదలు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, బడి నుంచి వచ్చిన కూతురికి చూపించింది. కూతురు నవ్వలేదు. నాన్నకు చెప్పొద్దని తల్లి చేత ఒట్టు వేయించుకుంది.

ఆయన చీకటి పడకముందే ఇల్లు చేరాడు. వారం రోజుల మౌనవ్రతం తనే తెంచాడు. ఫైలు తేలిపోయింది కాబట్టి ఇక మాట్లాడొచ్చన్నాడు. టీ తాగుతూ జరిగిందంతా చెప్పాడు. తారుమారు చేసిన చేతుల గురించి, చక్రాల వెడల్పు గురించి, మనుషుల్లో తగ్గిపోతున్న బాధ్యత గురించి. మీ సంఘంలో నువ్వు మంచిదానివే, మిగతావాళ్ల సంగతి నీకేం తెలుసు అని కూతుర్ని ఓదార్చాడు కూడా. కూతురు కప్పు అడుగు చూస్తూ విన్నది. సరే నాన్నా అన్నది.

తల్లికి కడుపు ఉబ్బిపోతోంది. ఒట్టు వేసింది నిజమే. చెప్పనని వేసింది. చూపించనని వేయలేదు.

"ఏమండీ, మా వదిన గులాబీ మొక్కల ఫొటో పంపింది. ఎంత బావున్నాయో చూడండి" అని ఫోను ఆయన చేతిలో పెట్టింది.

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. మొక్కలు బావున్నాయన్నాడు. కొంచెం వాడాయన్నాడు. వెనకాల గేటుంది. గేటున్న ఫొటోలో ఆయన గేటు చూడకుండా ఉండలేడు. రెండు వేళ్లతో పెద్దది చేశాడు. ఒక పక్కన నాలుగు తాళాలు వేలాడుతున్నాయి. గొలుసు రెండు కొసలనూ ఒక్క తాళం, పిల్లిని మెడ పట్టుకున్నట్టు, గట్టిగా పట్టుకుని ఉంది. దాని ఒంటి మీద తెల్ల పెయింటుతో నంబరుంది. నలభై ఒకటి. ఆ పెయింటు వేసింది ఆయనే. ఒకటి అంకె కొంచెం కిందికి జారిందని అప్పట్లో బాధపడ్డాడు కూడా.

ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. లేచి వెళ్లి పెరటి తలుపు గడియ లాగాడు. మూడుసార్లు. తిరిగి వచ్చి కూర్చున్నాడు. పది అడుగులు వేయలేదు.

"నీకు తెలుసా?" అని కూతుర్ని అడిగాడు.

"తెలుసు."

"చెప్పలేదేం?"

"చెబితే రిపోర్టు మారుస్తావు. మారిస్తే కూతురి కోసం మార్చాడంటారు. నువ్వన్నదేగా నాన్నా."

ఆమె ఇంకొక మాట కలిపింది. ఏడు నెలలు పోతే నువ్వు ఇంట్లో ఉంటావు, అప్పుడు ఇంకో అర్జీ పెట్టుకుంటాం, దానికి ఇంకెవరో రిపోర్టు రాస్తారు, ఇప్పుడు ఆ తెల్ల పేజీ పాడుచేసుకోకు అన్నది. తల్లి ఆ ఒక్కసారి శాఖ వారనలేదు, సంఘం వారనలేదు. గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లింది.

ఆయన రిపోర్టు మార్చకపోతే ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఫొటో తీసిన అక్కతో కలిపి చూసినవాళ్లు నలుగురు, నలుగురూ ఇంటివాళ్ల కిందే లెక్క. కవరు అంటించే ఉంది. దాన్ని అలాగే ఆఫీసు బల్ల మీద పెట్టేస్తే పదకొండు జీపులు గేటు బయటే ఉంటాయి, పేజీ తెల్లగానే ఉంటుంది, పదవీ విరమణ రోజున ఇంజనీరమ్మ ఆ పేజీ గురించే మాట్లాడుతుంది. ఇదంతా ఆయనకు వరసగా తోచింది. వాగు నీళ్లలో కర్రతో పొడుస్తూ నడిచిన కూతురు కూడా తోచింది. త్వరగా పడుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆయన వంటింటి బల్ల మీద కొత్త కాగితం పెట్టుకుని, నోట్‌బుక్కు పక్కన తెరిచి, మళ్లీ రాశాడు. ఈసారి ఒరవడి లేదు. బండి నడక వేగంతో వెళ్లింది. వాగు దగ్గర దిగి చూసి దాటింది. యాభై ఆరో టవరుకు దూరంగానే ఆగింది. తప్పు కోసం వెతికాను, దొరకలేదు. కింద ఇంకో రెండు వాక్యాలు రాశాడు. గురువారం మధ్యాహ్నం గేటు తాళం తప్పుగా వేసి నలుగురిని ఇబ్బంది పెట్టినది నేనే. దానికీ జీపులకూ సంబంధం లేదు.

తొమ్మిదిన్నరకు ఇంజనీరమ్మ ముందు పెట్టాడు. ఆమె చదివింది. చివరి రెండు వాక్యాలు మళ్లీ చదివింది. ఇవి ఈ ఫైలుకు అక్కర్లేదు కదా అన్నది. రాస్తే రిమార్కుల పేజీలోకి ఎక్కించాల్సి ఉంటుందని కూడా చెప్పింది, పెన్ను మూసి పక్కన పెడుతూ.

"ఎక్కించండి మేడమ్" అన్నాడాయన. "అవి లేకపోతే, పైనున్నవి కూతురి కోసం రాశానంటారు."

ఆమె పెన్ను మళ్లీ తెరిచింది. మూడు నెలలు చూద్దామని అర్జీ మీద రాసి సంతకం పెట్టింది. తర్వాత రిమార్కుల పేజీ తెప్పించి, ఆయన ముందే, చిన్న అక్షరాలతో ఒక వాక్యం రాసింది. ఆయన తలకిందులుగానే చదువుకున్నాడు. పేజీ పై భాగంలో కాకుండా కొంచెం కిందికి రాసి ఉంటే బావుండేదనుకున్నాడు.

పదకొండు గంటలకు గేటు దగ్గరికి కూతురు వచ్చింది, కొత్త తాళం తెచ్చింది. నర్సరీ అక్కకు ఈ కబురు ఎలా తెలిసిందో గానీ ఆమె కూడా ఒక కుండీ మీద కూర్చుని ఉంది. చేతులు పట్టుకుని నిలబడమంటావా తమ్ముడూ అని అడిగింది. ఆయన వినిపించుకోలేదు. తన తాళం తీసి, పక్కకు జరిగి, కూతురికి చోటిచ్చాడు. ఆమె తన తాళాన్ని అక్క తాళంలో వేసింది. ఆయన తన తాళాన్ని ఆమె తాళంలో వేశాడు. తర్వాత చూపుడు వేలితో ఒక్కొక్కటే తాకుతూ, ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఆరూ లెక్కపెట్టాడు.

అప్పుడు లాగాడు. ఒక్కసారే లాగి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పది అడుగులు నడిచాడు. ఆగాడు.

వెనక్కి తిరిగి చూస్తే, మిగతా రెండుసార్లూ కూతురు లాగుతోంది.